మాచిపత్రిలో రెండు జాతులు: వల్గారిస్ ఏదో, వెర్లోటియోరం ఏదో తేల్చుకోవడం ఎలా

దారి పక్కన, రైలు కట్ట వాలులో, నది ఒడ్డున మట్టి తవ్విపోసిన చోట మనిషెత్తు పెరిగే మాచిపత్రిని గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. ఆకు పైన ముదురు పచ్చ, కింద తెల్లటి నూగు, నలిపితే ఘాటు వాసన. ఇంతవరకు ఎవరైనా చెప్పేస్తారు. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఈ వర్ణనకు సరిగ్గా సరిపోయే జాతులు రెండున్నాయి, చాలా చోట్ల రెండూ ఒకే గట్టు మీద పెరుగుతాయి. ఒకటి ఆర్టెమీసియా వల్గారిస్, రెండోది ఆర్టెమీసియా వెర్లోటియోరం.

వీటిని విడదీయడానికి చాలామంది చేసే మొదటి పని ఆకు ఫొటో తీసి, పుస్తకంలో బొమ్మతో పోల్చడం. ఆ పని చివరికి పెట్టుకోమంటాను. ఈ రెండింటిలో ఆకు ఆకారమంత మోసం చేసే లక్షణం ఇంకొకటి లేదు. ఒకే కాండం మీద అడుగున ఒక రకం, నడుమ ఒక రకం, చివర ఇంకో రకం ఆకులుంటాయి. నీడలో పెరిగినదానికి, ఎండలో పెరిగినదానికి, ఒకసారి కోసేశాక మళ్లీ చిగిర్చినదానికి పోలికే ఉండదు. నమ్మదగిన ఆనవాళ్లు నేల కింద, కాండం లోపల, ఆకు ఈనెల్లో, పూసే నెలలో ఉన్నాయి. వాటిని ఏ వరుసలో చూడాలి, ఏది ఎంతవరకు నమ్మాలి అన్నదే ఇక్కడ చెప్పబోయేది.

ముందు రెండింటి పుట్టుపూర్వోత్తరాలు

వల్గారిస్ పాత కాపు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ పేరు పెట్టిన మొక్కల్లో ఇదీ ఒకటి. యూరప్, ఆసియాల్లోని సమశీతోష్ణ ప్రాంతాల్లో సహజంగా పెరుగుతుంది. మనుషులు కదిపిన నేల, నత్రజని ఎక్కువగా ఉన్న నేల అంటే దానికి ప్రాణం. యూరప్ బంజరుల్లో పెరిగే బహువార్షిక మొక్కల సముదాయానికి వృక్షశాస్త్రజ్ఞులు దీని పేరుమీదే ‘ఆర్టెమీసియేటియా వల్గారిస్’ అని పేరు పెట్టారంటే ఎంత విరివిగా పెరుగుతుందో ఊహించుకోవచ్చు. వలసలతో పాటు ఉత్తర అమెరికా చేరి, అక్కడి తూర్పు రాష్ట్రాల్లోని నర్సరీలకు పెద్ద కలుపు బెడదగా మారింది.

వెర్లోటియోరం పుట్టిల్లు చైనా. యూరప్‌లో దాన్ని వేరే జాతిగా మొదట గమనించింది ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిసరాల్లో, 19వ శతాబ్దం రెండో సగంలో. మార్షియల్ లామోట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1876లో దాన్ని వర్ణించి, వెర్లో అనే ఇంటిపేరు గల ఇద్దరు సోదరుల పేరు పెట్టాడు. అక్కడి నుంచి ఇటలీ, స్విట్జర్లాండ్ దక్షిణ భాగం, బ్రిటన్ దాకా పాకింది. ఆస్ట్రేలియాలోనూ స్థిరపడింది. పాత గ్రంథాల్లో వెతికేటప్పుడు ‘వెర్లోటోరం’ అన్న స్పెల్లింగ్‌తో కూడా వెతకండి, అదీ ఇదీ ఒకటే.

చూపుకు ఇంత దగ్గరగా ఉన్నా లోపల మాత్రం ఇవి చాలా దూరం. వల్గారిస్ కణంలో 16 క్రోమోజోములుంటే, వెర్లోటియోరంలో 54 ఉంటాయి. కాబట్టి ఒక జాతిలోనే ఎండకూ నీడకూ వచ్చిన మార్పులా అన్న సందేహం అక్కర్లేదు. ఇవి నిజంగానే వేర్వేరు జాతులు.

ఒక హద్దు కూడా ముందే గీసుకుందాం. భారతదేశంలోని మొక్కల గురించి రాసిన పాత పుస్తకాల్లో వల్గారిస్ అని కనిపించే వాటిలో చాలావాటిని ఇప్పుడు ఆర్టెమీసియా నీలగిరికా అనే వేరే జాతిగా లెక్కిస్తున్నారు. తూర్పు ఆసియాలో ప్రిన్సెప్స్, ఆర్గీ, ఇండికా వంటి దగ్గరి చుట్టాలు ఇంకా ఉన్నాయి. కింద చెప్పే పరీక్షలు వల్గారిస్, వెర్లోటియోరం ఈ రెండే ఎదురుపడే చోట తీర్పు చెప్పడానికి పనికొస్తాయి. మూడో జాతి ఉండే చోట ఇవే పరీక్షలు చేయవచ్చు కానీ, వచ్చిన జవాబును ఆ ప్రాంతపు వృక్ష గ్రంథంతో సరిచూసుకోవాలి.

వెంట ఏం ఉండాలి

పది రెట్లు పెంచి చూపే చిన్న భూతద్దం, పదునైన బ్లేడు, నేల తవ్వడానికి బొరిగె, స్కేలు, పాత వార్తాపత్రికలు, పెన్సిలు. ఫోను ఎలాగూ ఉంటుంది. పూత కాలంలో వెళ్తుంటే మాస్కు కూడా పెట్టుకోండి. మాచిపత్రి పుప్పొడి గాలిలో ఎగురుతుంది, దానితో జలుబు, కళ్ల దురద, ఉబ్బసం వచ్చేవాళ్లు తక్కువేమీ కాదు. సెలరీ, క్యారెట్, కొన్ని మసాలా దినుసులు తింటే నోరు దురద పెట్టేవాళ్లకు ఈ పుప్పొడి కూడా పడకపోవడం వైద్యులకు బాగా తెలిసిన విషయం.

మొదటి అడుగు: అసలది మాచిపత్రేనా?

ఇది తేలకుండా ముందుకు వెళ్లవద్దు. తీసేయాల్సినవి నాలుగున్నాయి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది వత్సనాభి జాతి, అంటే అకోనిటం. వసంతంలో లేత ఆకులు తమ్మెలుగా, అంటే లోతైన పాయలుగా చీలి మాచిపత్రి పిలకను తలపిస్తాయి. జపాన్‌లో మాచిపత్రి లేత ఆకులు ఏరుకునేవాళ్లు పొరపాటున దీన్ని కోసి విషం బారిన పడిన సందర్భాలున్నాయి. తేడా పట్టడం తేలిక: వత్సనాభి ఆకు అడుగున తెల్లటి నూగు ఉండదు, నలిపితే మాచిపత్రి ఘాటు రాదు. ఆకు అడుగు తెల్లగా లేకపోతే అక్కడితో ఆపేయండి.

రెండోది ఆంబ్రోసియా, పుప్పొడి అలర్జీకి పేరుమోసిన ఇంకో కలుపు. దాని శాస్త్రీయనామంలో కూడా ‘మాచిపత్రి ఆకుల్లాంటి ఆకులున్నది’ అన్న అర్థముంది, అంత పోలిక. ఆకు రెండు వైపులా పచ్చగానే ఉంటుంది.

మూడోది ఆర్టెమీసియా అబ్సింథియం. అదీ అదే ప్రజాతి మొక్క, ఘాటు ఇంకా ఎక్కువ. ఆకు పైనా కిందా వెండి రంగు నూగుతో మెరుస్తుంది, ఆకు చివర్లు మొండిగా గుండ్రంగా ఉంటాయి. చిన్న పూలు గుమిగూడిన పూబొడిపెను చీల్చి భూతద్దంతో చూస్తే పూలు కూర్చున్న పీఠం మీద పొడవాటి వెంట్రుకలు కనిపిస్తాయి. మన రెండింటిలో ఆ పీఠం నున్నగా ఉంటుంది.

నాలుగోది ఆర్టెమీసియా యానువా, మలేరియా మందు ఆర్టెమిసినిన్ తీసేది దీని నుంచే. ఇది ఏకవార్షికం, ఆకు సన్నగా ఈకలా చీలి రెండు వైపులా పచ్చగా ఉంటుంది, వాసనలో తీపి ఉంటుంది. పీకితే ఒక తల్లివేరుతో తేలిగ్గా వచ్చేస్తుంది.

ఆకు పైన పచ్చ, కింద తెలుపు, కాండం అడుగున గట్టిగా కట్టెబారి ఉండటం, కిందటేడు ఎండిన మోళ్లు పక్కనే కనిపించడం, ఇవన్నీ కలిస్తే రెండో అడుగుకు వెళ్లవచ్చు.

రెండో అడుగు: పది అడుగుల దూరం నుంచి చూడండి

మొక్క దగ్గరకు పరిగెత్తకుండా కాసేపు దూరంగా నిలబడి చూడటం అలవాటు చేసుకోండి. వల్గారిస్ సాధారణంగా దుబ్బులుగా పెరుగుతుంది. ఒక మొదలు నుంచి నాలుగైదు కాండాలు లేచి, ఒక దుబ్బుకూ ఇంకో దుబ్బుకూ మధ్య గడ్డో ఖాళీ నేలో కనిపిస్తుంది. వెర్లోటియోరం దుబ్బు కట్టదు, పరుచుకుంటుంది. విడివిడిగా, ఇంచుమించు ఒకే ఎత్తులో లేచిన కాండాలు నాటినట్టుగా నేలంతా ఆక్రమిస్తాయి. మధ్యలో వేరే మొక్కకు చోటుండదు.

ఈ చూపుతో తీర్పు చెప్పకూడదు. పాత దుబ్బులు నాలుగు కలిసిపోతే వల్గారిస్ కూడా పొదలా కనిపిస్తుంది. ‘ఇది అదేమో’ అన్న అనుమానాన్ని నోటు పుస్తకంలో రాసుకోవడానికి మాత్రం ఇది చాలు.

మూడో అడుగు: నేల కింద ఏముందో తవ్వండి

గుంపు అంచున ఒక కాండాన్ని ఎంచుకోండి. నడిమధ్య తవ్వితే వేర్లన్నీ పెనవేసుకుని ఏదీ తెలియదు. కాండం నుంచి జానెడు దూరంలో బొరిగె దించి, మట్టిని మెల్లగా వదులు చేస్తూ మొదలు దాకా రండి. కాండాన్ని పట్టి లాగకండి, చూడాల్సినదే తెగిపోతుంది.

వెర్లోటియోరం అయితే మొదలు నుంచి పక్కకు, నేలకు అడ్డంగా పొడవాటి కాండాలు పాకుతూ కనిపిస్తాయి. వాటి మీద కణుపులుంటాయి, కణుపుల దగ్గర పొలుసుల్లాంటి చిన్న ఆకులు, సన్నని వేర్లు, అక్కడక్కడ పైకి తిరిగిన పిలక మొన. కణుపులుంటే కాండం, లేకపోతే వేరు. ఈ తేడా భూతద్దంతో ఒక్కసారి చూస్తే మరెప్పుడూ తికమక ఉండదు. వల్గారిస్ అయితే మొదలు దగ్గరే పొట్టిగా కొమ్మలు వేసిన గట్టి మోడు, దాని కింద వేర్ల కుచ్చు ఉంటాయి.

ఇక్కడొక పెద్ద మెలిక ఉంది, చాలా మార్గదర్శులు దీన్ని దాటేస్తాయి. ఈ తేడా యూరప్‌లో బాగా పనిచేస్తుంది. ఉత్తర అమెరికాలో స్థిరపడిన వల్గారిస్ మాత్రం అక్కడ ప్రధానంగా పాకే భూగర్భ కాండాలతోనే వ్యాపిస్తుంది. రెండు సెంటీమీటర్ల ముక్క మట్టిలో మిగిలినా మళ్లీ మొలకెత్తగలదు. నర్సరీ కుండీల్లో, మట్టి లారీల్లో అది అంత దూరం వెళ్లింది అందుకే. కాబట్టి అమెరికా తూర్పు తీరంలో నిలబడి, కింద పాకే కాండం చూసి ‘వెర్లోటియోరం’ అని రాసేస్తే తప్పవుతుంది. పాకే కాండం ఏమీ లేకపోవడం వల్గారిస్ వైపు గట్టి సాక్ష్యం. పాకే కాండం ఉండటం మాత్రం ఆ ప్రాంతాన్ని బట్టి గట్టి సాక్ష్యమో బలహీన సాక్ష్యమో అవుతుంది.

నాలుగో అడుగు: పోల్చదగిన ఆకును ఎంచుకోండి

అడుగాకులు వద్దు, అవి పూత వేళకు ఎండిపోతాయి, ఉన్నవి కూడా అన్నింటిలో ఒకేలా వెడల్పుగా ఉంటాయి. చిట్టచివరి ఆకులూ వద్దు, రెండు జాతుల్లోనూ అవి చీలికల్లేని సన్నని బద్దలైపోతాయి. కాండం పొడవులో సరిగ్గా నడిమి భాగం నుంచి, ఎండ బాగా తగిలే వైపు నుంచి, చీడ తగలని ఆకులు మూడు నాలుగు తీసుకోండి. పక్క కొమ్మ మీది ఆకులు తీసుకోకండి, ప్రధాన కాండం మీదివే కావాలి. గడ్డి కోసే యంత్రం కింద పడి మళ్లీ చిగిర్చిన మొక్క అయితే ఆ ఏడాదికి దాన్ని వదిలేసి, కోత తగలని ఇంకో కాండం వెతుక్కోండి.

ఆ ఆకుల్ని తెల్ల కాగితం మీద పరిచి తమ్మెలు చూడండి. వల్గారిస్ తమ్మెలు పొట్టిగా, వాటి అంచుల మీద మళ్లీ రంపపు పళ్లలా నొక్కులతో ఉంటాయి. వెర్లోటియోరం తమ్మెలు పొడవుగా, సన్నగా, అంచులు చాలావరకు పళ్లు లేకుండా సాఫీగా సాగుతాయి. చివరి తమ్మె మరీ పొడవుగా సాగి తోకలా కనిపిస్తుంది. బాగా పెరిగిన నమూనాలు రెండు పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఒక్కటే చేతిలో ఉంటే మాత్రం ‘ఇది పొడవేనా?’ అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతాం. అందుకే దీనికి నేనిచ్చేది సగం మార్కులే.

ఐదో అడుగు: ఆకును వెలుగుకు పట్టండి

నా మటుకు ఇదే అసలు పరీక్ష. పొలంలోనే, నిమిషంలో అయిపోతుంది, పూలు అక్కర్లేదు, తవ్వడం అక్కర్లేదు.

అప్పుడే కోసిన ఆకు కావాలి. వాడిపోయినది, ఎండబెట్టినది పనికిరాదు. అడుగున నూగు దట్టంగా ఉంటే ఒక తమ్మె మీద బొటనవేలితో మెల్లగా రుద్ది ఆ తెల్లదనం కొంత తీసేయండి. ఆకు చిరగకూడదు. ఇప్పుడు ఆకును మీకూ ఆకాశానికీ మధ్య పట్టుకుని, భూతద్దాన్ని కంటికి ఆనించి, ఆకును దగ్గరకు తెచ్చుకోండి. సూర్యుడి వైపు నేరుగా చూడవద్దు, తెల్లటి మబ్బు ఉన్న వైపు అన్నిటికన్నా మంచిది.

నడిమి ఈనె నుంచి తమ్మెల్లోకి వెళ్లే ఈనెల్ని గమనించండి. వల్గారిస్‌లో ఆ ఈనెలు వెలుగును వదులుతాయి. ముదురు పచ్చ ఆకులో లేత రంగు గీతలుగా, నూనె అంటిన కాగితంలా పారదర్శకంగా కనిపిస్తాయి. వెర్లోటియోరంలో ఈనెలు వెలుగును ఆపేస్తాయి. చుట్టూ ఉన్న పచ్చదనం కంటే ముదురుగానో, దానిలోనే కలిసిపోయో కనిపిస్తాయి, పారదర్శకమైన గీత ఉండదు.

మొదటిసారి చూసేవాళ్లకు నడిమి ఈనె అడ్డుపడుతుంది. అది లావుగా ఉంటుంది కాబట్టి రెండింటిలోనూ ఏదో ఒకలా కనిపించి గందరగోళపెడుతుంది. దాన్ని పట్టించుకోకండి, తమ్మెలోని ఈనెలే చూడండి. ఒక ఆకుతో ఆపకుండా వేరు వేరు కాండాల నుంచి నాలుగైదు ఆకులు చూడండి. ముసలి ఆకు, పసుపెక్కిన ఆకు తప్పుడు జవాబిస్తుంది. ఫోన్ కెమెరాతో తీయాలనుకుంటే ఆకు వెనక తెల్ల స్క్రీను వెలిగించిన ఇంకో ఫోను పెట్టండి. చీకటి పడ్డాక కూడా ఈ పద్ధతి పనిచేస్తుంది.

ఆరో అడుగు: కాండాన్ని అడ్డంగా కోయండి

నేలకూ కొనకూ సరిగ్గా మధ్యన, కణుపుకు కాస్త దూరంగా, బ్లేడుతో ఒక్క వేటున అడ్డంగా కోయండి. కత్తెర వాడితే నలిగి లోపలి అమరిక చెదిరిపోతుంది. కోసిన ముఖంలో రెండు భాగాలు కనిపిస్తాయి: నడుమ తెల్లటి మెత్తని బెండు, చుట్టూ పచ్చని గట్టి అంచు. వల్గారిస్‌లో బెండు చాలా వెడల్పు, అంచు పలుచన. వెర్లోటియోరంలో బెండు తక్కువ చోటులో ఉండి, చుట్టూ పచ్చని భాగం మందంగా ఉంటుంది.

లేత కాండంలో ఈ తేడా నిలవదు, పూమొగ్గ తొడిగే వయసు దాకా ఆగాలి. కోసిన ముఖం పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసుకోండి. ఎండాక బెండు కుదించుకుపోతుంది కాబట్టి ఇంటికెళ్లి చూద్దాంలే అనుకోవద్దు.

కోసేటప్పుడే కాండం పైతొక్కనూ చూడండి. రెండింటిలోనూ ఊదా ఎరుపు రంగు రావచ్చు, కాబట్టి రంగు ఏమీ చెప్పదు. నూగు మాత్రం కొంత చెబుతుంది. వల్గారిస్ కాండం కింది భాగం దాదాపు నున్నగా ఉంటుంది, వెర్లోటియోరం కాండం మీద బూడిద రంగు నూగు ఎక్కువ.

ఏడో అడుగు: క్యాలెండర్ చూడండి

ఓపికుంటే, ఒకే గుంపును ఏడాదిలో రెండుసార్లు చూడగలిగితే, ఇంతకన్నా తేలికైన పరీక్ష లేదు. ఉత్తరార్ధగోళంలో వల్గారిస్ జులై నుంచి సెప్టెంబరు దాకా పూస్తుంది. వెర్లోటియోరం ఆ తర్వాత మేలుకుంటుంది. దక్షిణ యూరప్‌లో సెప్టెంబరు, అక్టోబరుల్లో, బ్రిటన్ లాంటి చల్లని చోట్ల అక్టోబరు, నవంబరుల్లో. అక్కడ విత్తనం పండేలోపే చలి ముంచుకొస్తుంది, అందుకే విత్తనాల కన్నా భూగర్భ కాండాల మీదే అది ఎక్కువ ఆధారపడుతుంది.

అంటే ఆగస్టు నడుమ వెళ్తే పని తేలికవుతుంది. అప్పటికి వల్గారిస్ నిండుగా పూసి పుప్పొడి దులుపుతుంటుంది. పక్కనే అంతే ఎత్తున్న ఇంకో గుంపు మొగ్గ జాడే లేకుండా పచ్చగా నిలబడి ఉంటే దాని మీద అనుమానపడాల్సిందే. నవంబరులో చూస్తే కథ తిరగబడుతుంది. వల్గారిస్ గోధుమరంగు ఎండు కట్టెలైపోయి ఉంటుంది, రెండోది పచ్చని ఆకులతో పూస్తుంటుంది. గడ్డి కోత తిన్న వల్గారిస్ మళ్లీ చిగిర్చి ఆలస్యంగా పూయవచ్చు, కాబట్టి పూత ఆలస్యమైందన్న ఒక్క కారణంతో వెర్లోటియోరం అనేయకండి. కాండం మొదట్లో కోత గాటు ఉందేమో వంగి చూడండి.

పూల దగ్గరికి వస్తే, రెండింటిలోనూ పూబొడిపెలు కొన్ని మిల్లీమీటర్లకు మించని చిన్న గోళీలు. అంచున ఆడ పూలు, నడుమ ఆడా మగా రెండూ ఉన్న పూలు. చామంతి కుటుంబమే అయినా రంగురంగుల రేకులుండవు, ఎందుకంటే గాలే పుప్పొడిని మోసుకెళ్తుంది, ఈగల్నో తేనెటీగల్నో పిలవాల్సిన పని లేదు. పూబొడిపెల్ని కొలిచి జాతి తేల్చాలని గంటలు ఖర్చు చేయకండి. పూగుత్తి మొత్తాన్ని చూస్తే కొంత ప్రయోజనం: వల్గారిస్ పూగుత్తిలో పూలే దట్టంగా ఉండి ఆకులు చిన్నవైపోతాయి, వెర్లోటియోరంలో పూల మధ్య నుంచి ఆకులు పొడుచుకొచ్చి గుత్తంతా ఆకుపచ్చగా కనిపిస్తుంది.

ఎనిమిదో అడుగు: వాసన, ఉంటే ఉండనీ

వెర్లోటియోరం వాసన ఎక్కువ, ఇంపుగా కూడా ఉంటుందని అంటారు. రెండూ ఒకేసారి చేతిలో ఉంటే నిజమేననిపిస్తుంది. కానీ మాచిపత్రి నూనెలో కర్పూరం, సినియోల్, థుజోన్ వంటి పదార్థాల పాళ్లు నేలను బట్టి, కాలాన్ని బట్టి, మొక్క వయసును బట్టి మారుతూనే ఉంటాయి. ముక్కుకు అలవాటు పడిన వాసన రెండో ఆకుకే తెలియడం మానేస్తుంది. వాసన గురించి రాసుకోండి, దాని మీద తీర్పు మాత్రం నిలబెట్టకండి. రుచి చూడటం అసలే వద్దు. థుజోన్ ఎక్కువ మోతాదులో నాడీమండలానికి హాని చేస్తుంది, గర్భిణులు ఈ మొక్కలు తీసుకోకూడదు.

సాక్ష్యాలు కొట్టుకుంటే?

ఇక్కడిదాకా వచ్చాక సాధారణంగా అన్నీ ఒకే వైపు చూపిస్తాయి. ఈనెలు పారదర్శకం, బెండు వెడల్పు, ఆగస్టు పూత, కింద పాకే కాండం లేకపోవడం: వల్గారిస్. ఈనెలు ముదురు, బెండు చిన్నది, శరత్తు చివరి పూత, కింద పాకే కాండం: వెర్లోటియోరం. నాలుగింటిలో కనీసం మూడు ఒకటే చెప్పాలి, వాటిలో ఈనెల పరీక్ష తప్పక ఉండాలి. అప్పుడే పేరు రాయండి.

అలా కుదరకపోతే మొదట మీ నమూనానే అనుమానించండి. ముసలి ఆకులు, లేత కాండం, కోత తిన్న మొక్క, రెండు గుంపులు కలిసిపోయిన చోటు, వీటిలో ఏదో ఒకటి సాధారణంగా కారణమవుతుంది. చివరిదాన్ని చాలామంది మరిచిపోతారు. ఆకు ఒక మొక్కది, వేరు ఇంకో మొక్కది అయితే లేని జాతి పుట్టుకొస్తుంది. అందుకే ఒక కాండానికి రంగు దారం కట్టి, అన్ని పరీక్షలూ దాని మీదే చేయాలి.

అప్పటికీ అన్నీ నడిమధ్యనే ఉంటే సంకరం అయ్యే అవకాశం నిజంగా ఉంది. లండన్ ప్రాంతంలో ఈ రెండింటికీ పుట్టిన మొక్క దొరికింది. దాన్ని 2000లో ఆర్టెమీసియా వుర్జెల్లీ అనే పేరుతో వర్ణించారు. దాని క్రోమోజోములు 35. వల్గారిస్‌లోని 16లో సగం 8, వెర్లోటియోరంలోని 54లో సగం 27, రెండూ కలిస్తే 35. లెక్క అంత సరిగ్గా కుదిరింది. రూపంలో అది తల్లిదండ్రుల మధ్యన ఉంటుంది. పొలంలో నిలబడి ఎవరూ దీన్ని ఖాయం చేయలేరు. నమూనాను ఎండబెట్టిన మొక్కలు భద్రపరిచే హెర్బేరియానికి పంపి, క్రోమోజోముల లెక్క చేయించాలి. రెండు జాతులూ పక్కపక్కనే ఉన్న చోట తప్ప సంకరం గురించి ఆలోచించవద్దు.

నమూనా దాచడం

పూగుత్తి, నడిమి కాండం మీది ఆకులు, మొదలు, పాకే కాండం ఉంటే దాని ముక్క, ఇవన్నీ కలిపితేనే నమూనా. ఒక కొమ్మ విరిచి తెచ్చినదాన్ని నిపుణుడికి చూపించినా చేతులెత్తేస్తాడు. వార్తాపత్రికల మధ్య పరిచేటప్పుడు కొన్ని ఆకుల్ని పై ముఖం కనిపించేలా, కొన్నింటిని అడుగు ముఖం కనిపించేలా పెట్టండి. మొదటి రెండు మూడు రోజులు కాగితాలు రోజూ మార్చాలి, లేకపోతే తెల్ల నూగు మీద బూజు పడుతుంది.

చీటీ మీద చోటు, తేదీ, నేల రకం, మొక్క ఎత్తు మాత్రమే రాస్తే సరిపోదు. ఎండాక కనిపించకుండా పోయేవాటిని రాయడం ముఖ్యం: ఈనెలు వెలుగులో ఎలా కనిపించాయి, బెండు కాండం వెడల్పులో ఎంత వంతు, దుబ్బుగా ఉందా పరుచుకుని ఉందా, ఆ రోజుకు మొగ్గ దశలో ఉందా, పూసిందా, కాయ కట్టిందా. పెన్సిలుతో రాయండి, తడి తగిలినా చెదరదు.

తేలాక చేయాల్సినవి

వదిలించుకోవాల్సిన కలుపైతే జాతిని బట్టి పని మారుతుంది. దుబ్బు కట్టిన వల్గారిస్ పెద్ద బలం విత్తనం. ఒక్క మొక్క లక్షల్లో కూడా విత్తనాలు వేయగలదు. వాటికి ఎగిరే ఈకలు లేకపోయినా అవి పొడి అంత చిన్నవి కావడంతో బురదతో, నీటితో, చక్రాలతో ఊళ్లు తిరుగుతాయి. కాబట్టి పూతకు ముందే కోసేయడం, దుబ్బును మొదలుతో సహా తవ్వేయడం ఫలితమిస్తుంది. వెర్లోటియోరం మీద, అలాగే పాకే రకం వల్గారిస్ మీద, దున్నడం చేటు చేస్తుంది. నాగలి ముక్కలు చేసిన ప్రతి కణుపూ ఒక కొత్త మొక్క అవుతుంది. అలాంటి చోట మట్టిని జల్లెడ పట్టి కాండం ముక్కలు ఏరాలి, లేదా పదేపదే కోస్తూ వేరులో దాచుకున్న బలం తగ్గించాలి. ఆ మట్టిని ఇంకో చోటికి తరలించకూడదు. పనైపోయాక బొరిగెకు, బూట్లకు అంటిన మట్టిని అక్కడే దులిపేయండి.

పుప్పొడి అలర్జీ ఉన్నవాళ్లకు ఈ గుర్తింపు ఇంకోలా పనికొస్తుంది. గాలిలోని పుప్పొడిని సూక్ష్మదర్శినిలో చూసి లెక్కపెట్టేవాళ్లు అది మాచిపత్రిదని చెప్పగలరు కానీ, ఏ జాతిదో చెప్పలేరు, పుప్పొడి రేణువులు అంత ఒకేలా ఉంటాయి. ఉత్తర ఇటలీలో, స్విట్జర్లాండ్‌లోని టిచీనో ప్రాంతంలో ఆగస్టు పుప్పొడి తగ్గాక శరత్తులో మళ్లీ ఒక ఉధృతి వస్తుంది. దానికి ఆలస్యంగా పూసే వెర్లోటియోరం, యానువా వంటి జాతులే కారణమని పరిశోధకులు తేల్చింది మొక్కల పూత కాలంతో పోల్చి చూసినప్పుడే. ఆగస్టుతో పోవాల్సిన తుమ్ములు అక్టోబరులోనూ వదలకపోతే, మీరు రోజూ నడిచే దారిలో ఆ నెలలో పూస్తున్న గుంపు ఏదైనా ఉందేమో చూసి, దాని పేరు, పూసిన తేదీలు రాసి అలర్జీ వైద్యుడికి చూపించండి.